ఆలస్యానికి కారణం

పీరా సారు దగ్గరికి ప్రశ్నతో వెళ్లినవాళ్లకు ముందు దోసెడు వేరుశనక్కాయలు పెడతారు. వాటిని ఒలిచి, తిని, తొక్కలు చేటలో వేసేదాకా ఆయన నోరు విప్పరు, మనల్నీ విప్పనివ్వరు. తొందర మీద పుట్టిన ప్రశ్నలు సగం ఆ తొక్కలతోనే పోతాయని ఆయన నమ్మకం. మిగిలిన సగానికీ అవుననో కాదనో చెప్పరు. ఎప్పుడో ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అర్థం మనమే ఇంటికి పోతూ దారిలో వెతుక్కోవాలి.

ఆయన పూర్తి పేరు మహబూబ్ పీరా. ముప్పైనాలుగేళ్లు పోలీసు శాఖలో పనిచేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. అందులో ఇరవై ఏళ్లకు పైగా స్టేషన్ రైటరు. ఫిర్యాదులు రాసుకునేదీ, కేసులకు నంబర్లు వేసేదీ, రిజిస్టర్లు నడిపేదీ రైటరే. రిటైరయ్యాక తన ఇంటి వసారాలో పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలకు ఊరికే పాఠం చెప్పారు. నా కూతురు హరిప్రియ అక్కడే చదివింది. ఇప్పుడు కంచెరాయి స్టేషన్‌కి ఎస్సై. నేను తనతోనే పోలీసు క్వార్టర్సులో ఉంటున్నాను. వాళ్ల నాన్న పోయి పదకొండేళ్లు.

ఆ ఆదివారం పొద్దున హరి కాయలు ఒలవలేదు. దోసిట్లో పట్టుకునే అడిగేసింది.

"సార్, నేను వచ్చి ఏడాదైంది. మా స్టేషన్లో నేరాలు రెట్టింపయ్యాయి. నేనొచ్చి ఊరిని చెడగొట్టినట్టా?"

జేబులోంచి పేపరు ముక్క తీసి ఆయన ముందు పరిచింది. రాష్ట్రంలో ఏడాది నేరాల లెక్క. మొత్తం మీద తొమ్మిది శాతం పెరిగాయట. మా జిల్లాకు ఎర్రరంగు వేశారు. మా జిల్లాలో ఏ స్టేషన్ కింద ఎన్ని కేసులో గీతలు గీసి చూపించారు. అన్నిటికన్నా పొడుగు గీత కంచెరాయిది. అన్నిటికన్నా పొట్టిది పక్కనున్న చిన్నకొట్టాలది.

"పోయిన నెల మీటింగులో అందరి ముందూ నన్ను నిలబెట్టి, చిన్నకొట్టాల వాళ్లను చూసి నేర్చుకోమ్మా అన్నారు సార్. వెళ్లి చూశాను. వాళ్ల దగ్గర ఫిర్యాదు తీసుకుంటారు, కుర్చీ వేస్తారు, మంచినీళ్లిస్తారు. నంబరు మాత్రం వెయ్యరు. నాలుగుసార్లు తిప్పుతారు. ఐదోసారి ఫిర్యాదుకొచ్చినవాళ్లే విసిగిపోతే కాగితం చేతికిచ్చి, మీ చేత్తో మీరే చింపుకోండి అంటారు. మేం చింపలేదు కదా, వాళ్లే చింపుకున్నారు కదా అని నవ్వుతున్నారు."

"ఊఁ," అన్నారు పీరా సారు.

"మంగళవారం మళ్లీ మీటింగు. ఈసారీ లెక్క తగ్గకపోతే నన్ను స్టేషన్ నుంచి తీసి ఆఫీసులో కూర్చోబెడతామని కబురు పంపారు. ఈ వారం వచ్చినవి పదకొండు కాగితాలు నా సొరుగులో ఉన్నాయి. ఇంతవరకూ ఏ కాగితాన్నీ అట్లా పెట్టలేదు సార్ నేను. మొదటిసారి పెట్టాను. మోటార్లు పోయినవి, గొర్రెలు పోయినవి, ఒకావిడను మొగుడు కొట్టింది. ఒకటి గొలుసు లాగింది, హెల్త్ సెంటరు మలుపులో. ఆమె పడిపోయి మణికట్టు విరిగింది. ఆ మలుపులో ఇదివరకు ఎప్పుడూ జరగలేదు. దారిన పోయేవాడెవడో చేసుంటాడు, కేసు కట్టినా దొరకడు, వదిలెయ్యండి మేడమ్ అంటున్నారు మావాళ్లు. నంబర్లు వెయ్యమంటారా, సొరుగులోనే ఉంచమంటారా?"

నేను పక్కన అరుగు మీద కూర్చున్నాను. నాకు కాయలు పెట్టలేదు. ప్రశ్న ఉన్నది హరికి కదా.

పన్నెండో కాగితం ఒకటుందని, అది ఇంకా రాయనే లేదని, నా ఒక్కదానికే తెలుసు.

ముప్పైఎనిమిది రోజుల కిందట, గురువారం సంత నుంచి వస్తుంటే, అదే హెల్త్ సెంటరు మలుపులో వెనక నుంచి మోటారు సైకిలు వచ్చింది. ఇద్దరున్నారు. వెనక కూర్చున్నవాడు నా మెడలో గొలుసు పట్టి లాగాడు. అది తెగేలోపు నన్ను నాలుగడుగులు ఈడ్చుకుపోయారు. వంకాయలు రోడ్డంతా దొర్లాయి. హరి మొదటి జీతంతో చేయించిన గొలుసు అది. ఇంటికొచ్చి మెడకు పసుపు రాసుకున్నాను. కొంగు భుజం మీదుగా చుట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. గొలుసేదమ్మా అంటే పెట్టెలో పెట్టానన్నాను. అప్పటికే నా బిడ్డ స్టేషన్లో లెక్క పెరిగిందని నలుగురూ అంటున్నారు. నా చేత్తో ఇంకొకటి కలపడమెందుకనుకున్నాను. బిడ్డను కాపాడుకున్నాననే అనుకున్నాను.

ఇప్పుడు ఎవరో తల్లికి మణికట్టు విరిగింది. ఆ మలుపులో ఇదివరకు ఎప్పుడూ జరగలేదట.

పీరా సారు పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి హరికి తిరిగిచ్చారు. "ముందు కాయలు ఒలువు ఎస్సైగారూ," అన్నారు. హరి తల వంచుకుని ఒలిచింది. చివరి తొక్క చేటలో పడ్డాక ఆయన మొదలుపెట్టారు. నాకు గుర్తున్నంతవరకు ఆయన మాటల్లోనే చెబుతాను.

"పిడతలగుట్ట అని కొండ కింద స్టేషన్. నేను అక్కడ రైటర్ని. వరసగా మూడేళ్లు జిల్లాలో నేరాలు అతి తక్కువ ఉన్న స్టేషన్ అని మాకు షీల్డు ఇచ్చినారు. ఇత్తడి షీల్డు. ఎస్సై దానికి వారం వారం చింతపండు పెట్టి తోమించేవాడు. మా దగ్గర సొరుగు కాదు, చువ్వ ఉండేది. కాగితాలు గుచ్చే ఇనప చువ్వ. వచ్చిన ఫిర్యాదు వచ్చినట్టు తీసుకునేది, చువ్వకు గుచ్చేది. విచారణలో ఉందమ్మా, పోయి రా అనేది. గుచ్చింది ఎవరనుకున్నావు? నేనే. నా చేత్తోనే.

చెన్నక్క అని ఒక ముసలామె. ఆమెకున్నవి రెండు మేకలు. ఆ రెండూ ఎత్తుకుపోయినారు. తెల్లారేసరికి స్టేషన్లో ఉంది. చెప్పుల జత గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని లోపలికొచ్చింది. ఆ పక్క పల్లెలోళ్లు స్టేషన్‌లోకి చెప్పులతో వచ్చేవాళ్లు కాదు. నేనే కాగితం రాసినా, నీలం సిరాతో వేలిముద్ర వేయించుకున్నా, గుచ్చినా. అప్పటినుంచి ప్రతి శుక్రవారం వస్తుంది. 'నా కాగితం నంబరెంత సామీ?' అంటుంది. నంబరు లేని కాగితం కాగితమే కాదని ఆమెకు ఎవరో చెప్పినారు. విచారణలో ఉందవ్వా అని నేనంటా. 'మేకలు యాడికి పోయినాయో మీరు ఇచారిస్తాండారు, నేను యాడికి పోవల్లో నన్ను ఇచారించండి' అని సణుగుతా పోతుంది. మావాళ్లకు నవ్వులాట.

నాలుగో ఏడు షీల్డుకు ముందు పెద్దాఫీసరు తనిఖీకి వచ్చినాడు. ఆ రోజు శుక్రవారం. చెన్నక్కను ఆపమని కానిస్టేబుల్‌కు చెప్పడం మరిచిపోయినాం. రెండు మేకల తాళ్లు చేతికి చుట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆఫీసరు చూసి, 'ఏమవ్వా, ఏం కావాల?' అన్నాడు.

'ఏం వద్దు సామీ. ఈ ఊర్లో దొంగలు లేరని బిల్ల ఇచ్చినారంట కదా, ఒకసారి చూసి పోదామని వస్తి.'

'నీకేం పోలేదు కదా?'

'నాకేం పోతుంది సామీ. దొంగలే లేనప్పుడు. నా మేకలే వాటంతట అవి కత్తి తీసుకుని తాళ్లు కోసుకుని పోయినాయి. సూడు, ఎంత సక్కగా కోసినాయో.'

తాళ్ల కొసలు ఆయన ముందు పెట్టింది. కొడవలితో ఒక్క వేటుకు తెగినవి. ఆఫీసరు నవ్వలేదు. నా వైపు తిరిగినాడు. 'రైటరూ, ఈమె ఫిర్యాదు ఏమన్నా వచ్చిందా?'

చువ్వ నా మోచేతి దగ్గరే ఉంది. పైనుంచి నాలుగోది ఆమె కాగితం. వేలిముద్ర నీలంగా కనపడుతూనే ఉంది. ఎస్సై నన్నే చూస్తున్నాడు.

రాలేదు సార్ అన్నా నేను."

అక్కడ పీరా సారు ఆగారు. మంచినీళ్లు తాగారు. హరి తలెత్తి ఆయన వైపు చూసింది. తన గురువు నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు.

"చెన్నక్క చువ్వ వైపు చూసింది. తన వేలిముద్రను గుర్తుపట్టింది. తాళ్లు తీసుకుని, చెప్పులేసుకుని పోయింది. ఆ శుక్రవారం తరవాత ఆమె రాలేదు. ఆమె రాకపోతే ఆ పల్లె రాలేదు. ఆ పల్లె రాకపోతే కొండ కింద ఆరు పల్లెలూ రాలేదు. ఎనిమిది నెలలు మా గుమ్మం బయట ఒక్క చెప్పుల జత లేదు తల్లీ. నాలుగో షీల్డు కూడా వచ్చింది. గుమ్మాన్ని చూసినప్పుడల్లా నాకు ఇంట్లో పీనుగు లేచినట్టుండేది.

తరవాత ఎస్సై మారినాడు. కొత్తాయన చేరిన రోజే నేను ఆ చువ్వ తీసుకుపోయి ఆయన టేబుల్ మీద పెట్టినా. అరవై మూడు కాగితాలు. ఇవేంటన్నాడు. మా షీల్డు సార్ అన్నా. ఆయన చిన్నవాడు, నీ ఈడువాడే. రెండు రోజులు ఆలోచించుకున్నాడు. మూడోనాడు, నంబర్లు వెయ్యి అన్నాడు.

కేసు కట్టే ఫారంలో ఒక గడి ఉంటుంది, నీకు తెలుసు కదా. ఫిర్యాదు ఆలస్యానికి కారణం. అందరం దాంట్లో ఏం రాస్తాం? ఫిర్యాది ఆలస్యంగా వచ్చినాడు అని. చెన్నక్క కాగితానికి ఆ గడి దగ్గర నా పెన్ను ఆగింది. ఆమె తెల్లారేసరికే వచ్చింది కదా. అందుకని, 'ఆలస్యం ఫిర్యాదిది కాదు, స్టేషన్‌ది' అని రాసినా. అరవై మూడింటికీ అదే రాసినా. దానికి నన్ను మెట్టల్లో ఔట్‌పోస్టుకు పంపించినారు. రెండేళ్లు. పోతాపోతా చెన్నక్క ఇంటికి పోయి, అవ్వా, నీ కాగితానికి నంబరు పడింది, నలభై ఒకటి అని చెప్పినా. ఏమనిందో తెలుసా?

'ఇన్నాళ్లకు నా మేకలు పోయినాయి సామీ' అనింది.

అని కండ్లు తుడుచుకునింది. మేకలు దొరకలేదు. ఆమె కండ్లు తుడుచుకునింది మేకల కోసం కాదు. ఆ ఏడు పిడతలగుట్టలో నేరాలు ఆరింతలయ్యాయి. పేపర్లో కూడా వేసినారు, పిడతలగుట్ట దొంగల అడ్డా అయిపోయిందని. దొంగలు మాత్రం తల్లీ, పాత నలుగురే."

అంతే. ఇంకేం చెప్పలేదు. హరి సొరుగులోని కాగితాల సంగతి ఆయన ఎత్తలేదు. వీధిలో మోటారు సైకిలు ఒకటి పోయింది. నా చెయ్యి మెడ మీదికి పోయింది. ముప్పైఎనిమిది రోజులుగా అది నా మాట వినడం లేదు.

పీరా సారు నా వైపు చూశారు. లేచి వెళ్లి దోసెడు వేరుశనక్కాయలు తెచ్చి నా కొంగులో పోశారు.

"నాకేం ప్రశ్న లేదన్నా," అన్నాను.

"ఉన్నప్పుడే ఒలుచుకో చెల్లెమ్మా. కాయలేమీ పాడుకావు."

వాటిని కొంగులో మూటకట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

సోమవారం పొద్దున హరి డ్యూటీకి వెళ్లాక, కాయలు ఒకటొకటే ఒలిచాను. ఆఖరిది ఒలిచేటప్పటికి పదిన్నర. చీర మార్చుకుని స్టేషన్‌కి నడిచాను. క్వార్టర్స్ గేటు నుంచి స్టేషన్ గుమ్మానికి నూటయాభై అడుగులు కూడా ఉండవు. అంత దూరం నేనెప్పుడూ నడవలేదు.

గుమ్మం దగ్గర చెప్పులు విడిచాను. బయట మరో ఐదు జతలున్నాయి.

రిసెప్షన్లో కూర్చునే కానిస్టేబుల్ భారతి లేచి నిలబడింది. "అమ్మా, మీరా! లోపలికి పోండి, మేడమ్ ఉన్నారు. క్యారియర్ మరిచిపోయారా?"

"మేడమ్ కోసం రాలేదు తల్లీ. ఫిర్యాదు ఇవ్వాలి."

"ఎవరిమీదమ్మా? మేడమ్ మీదనా?" అని నవ్వింది. నేను కొంగు తీసి మెడ చూపించాను. ఎర్రగీత నల్లబడి ఇంకా ఉంది. భారతి నవ్వు ఆగిపోయింది. బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. నాకు ముందు, పోయిన వారం గొర్రెలు పోయాయని కాగితమిచ్చిన ఆయన ఉన్నాడు. ఆయన పని అయ్యేదాకా కూర్చున్నాను.

లోపలికి వెళితే హరి ముందు కాగితాల కట్ట ఉంది. పదకొండు. సొరుగు తెరిచి ఉంది, ఖాళీగా. పై కాగితం మీద ఎర్ర సిరాతో నంబరు వేసి ఉంది. నేను వస్తానని తనకు తెలియదు. నేను రాకముందే తను వేసేసింది. ఆ సంగతి ఇక్కడ రాసిపెట్టడానికే ఇదంతా రాస్తున్నానేమో.

"అమ్మా? చెప్పులు బయటెందుకు విడిచావు? కాళ్లు కాలడం లేదా? ఇక్కడెవరూ విడవక్కర్లేదని బోర్డు పెట్టాం కదా."

"చూడలేదు. ఫిర్యాదు రాసుకో."

చెప్పాను. రోజు, చోటు, ఇద్దరు, నల్ల మోటారు సైకిలు, వెనకవాడి చేతికి ఎర్రదారం, వంకాయలు. ముందు కాసేపు తను ఎస్సై కాలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి నా మెడ పట్టుకుని చూసింది. "నలభై రోజులమ్మా! నలభై రోజులు నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు. రోజూ నా మొహం చూస్తూ తిన్నావు!"

"ముప్పైతొమ్మిది," అన్నాను.

"నోరు మూసుకోమ్మా!" అంది. అని నా భుజం మీద తల పెట్టింది. భారతి తలుపు దగ్గరికి వేసింది. రెండు నిమిషాలు. తరవాత మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. పెన్ను తీసింది.

"ఫిర్యాది పేరు."

"తెలీదా?"

"చెప్పాలమ్మా. అందరినీ అడిగినట్టే అడుగుతాను."

"సుగుణమ్మ."

"తండ్రి పేరో భర్త పేరో. వయసు. చిరునామా." అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. చిరునామా దగ్గర పోలీసు క్వార్టర్స్ అని రాయొద్దన్నాను. రాయాలంది. రాసింది. తల్లి కేసు తను దర్యాప్తు చెయ్యకూడదని, నంబరు వేసి సీఐ గారికి పంపిస్తానని, ఆయన వేరే ఎస్సైకి అప్పగిస్తారని చెప్పింది. మంచిదేనన్నాను.

తరవాత ఆ గడి వచ్చింది.

"ఫిర్యాదు ఆలస్యానికి కారణం," అంది హరి. అడిగేటప్పుడు నా వైపు చూడలేదు.

భయపడ్డానని చెప్పొచ్చు. ఒంట్లో బాగాలేదనీ చెప్పొచ్చు. తను రాసుకునేది. నాకు పీరా సారు మోచేతి దగ్గరి చువ్వ గుర్తొచ్చింది.

"స్టేషన్ లెక్క పెరిగితే ఎస్సై గారిని మారుస్తారని, చెప్పలేదు. రాసుకో."

పెన్ను ఆగింది.

"అమ్మా, ఇది రేపు మీటింగులో చదువుతారు."

"చదవనీ."

"నన్ను ఏమన్నా అంటారని ఇన్నాళ్లూ దాచి, ఇప్పుడు నువ్వే..."

"నేను దాచబట్టే ఆ మలుపులో ఎప్పుడూ జరగలేదన్నారు. ఆమె మణికట్టు విరిగింది. నేను ముందే చెప్పి ఉంటే అక్కడ ఒక మనిషిని పెట్టేదానివి కదా?"

హరి నేను అన్నది అన్నట్టే రాసింది. చదివి వినిపించింది. సంతకం పెట్టాను. పదకొండు కాగితాల తరవాత నాది పన్నెండోది. నంబరు నూటనలభైఎనిమిది. ఫిర్యాదికి కాపీ ఒకటి ఊరికే ఇస్తారట. ఇచ్చింది. ముప్పైతొమ్మిది రోజుల కిందట తెగిపోయిన గొలుసు, ఆ సోమవారం పొద్దున నాకు పోయింది.

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే, పక్కన గొర్రెలాయన తన కాపీని ఎండకు పట్టుకుని నంబరు చూసుకుంటున్నాడు. "నీదెంతక్కా?" అన్నాడు. చెప్పాను. "నాది నూటనలభైఏడు. నీకన్నా నేనే ముందు," అని మీసం దువ్వుకున్నాడు.

మంగళవారం మీటింగులో ఏం జరిగిందో నేను చూడలేదు. హరి చెప్పినంత చెబుతాను. నలుగురిలో నిలబెట్టారు. గీత ఇంకా పొడుగైందేమిటన్నారు. కట్ట ముందు పెట్టింది. మీటింగు నడిపే పెద్దాయన పైన ఉన్న కాగితం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టి, ఆ గడి దగ్గర గొంతు తగ్గించారట. మళ్లీ ఒకసారి మనసులో చదువుకున్నారట.

"ఈ సుగుణమ్మ ఎవరు?"

"మా అమ్మ సార్."

"ఇది ఇట్లాగే రాయాలా?"

"ఫిర్యాది చెప్పింది అదే సార్. మార్చే అధికారం నాకు లేదు."

పెద్దాయన ఆ కాగితాన్ని కట్ట మీద పెట్టారట. తరవాత చిన్నకొట్టాల ఎస్సై వైపు తిరిగి, మీ దగ్గర ఈ వారం ఎన్ని కాగితాలు చింపించారు అని అడిగారట. ఆ ఎస్సై తన ఫైలు తెరిచి మళ్లీ మూశాడట. హరికి సంజాయిషీ అడుగుతూ మెమో మాత్రం వచ్చింది. స్టేషన్ నుంచి తీయడమనేది ఇంకా తేలలేదు. మెమో తెచ్చి నాకు చూపించింది. "చూడమ్మా, దీనికి కూడా నంబరుంది," అని నవ్వింది. ఆ నవ్వు వాళ్ల నాన్నది.

రెండు కేసులు ఒకే మలుపులో ఉన్నాయని కాగితం మీద పడింది కాబట్టి, గురువారం సంత రోజు హెల్త్ సెంటరు దగ్గర ఒక కానిస్టేబుల్‌ను నిలబెట్టారు. ఆ గురువారం నేను సంతకు వెళ్లాను. వంకాయలు కొన్నాను. మలుపు దగ్గర కానిస్టేబుల్ నాకు నమస్కారం పెట్టాడు. మణికట్టు విరిగినావిడ కూడా కనిపించింది, చెయ్యి కట్టుతో. ఆమెకు నేనెవరో తెలియదు. ఆగి, నా సంగతి చెప్పాను. ముందే చెప్పనందుకు క్షమించమన్నాను. ఆమె నా మెడ చూసి, "నొప్పి తగ్గిందా అక్కా?" అంది.

మోటారు సైకిలు చప్పుడుకి చెయ్యి ఇంకా లేస్తూనే ఉంది. సగం దాకా లేచి ఆగుతోంది.

మళ్లీ ఆదివారం పీరా సారు వసారాకు వెళ్లాం. హరి అంతా చెప్పింది. మెమో చూపించింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని మెమో చదవకుండా పక్కన పెట్టారు. నా కాపీ అడిగారు. నడుమున దోపుకున్నది తీసి ఇచ్చాను. పాత రైటరు కదా, పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివారు. ఆ గడి దగ్గర వేలు ఆగింది. అక్కడ తన చేతి రాతేదో కనిపించినట్టు చాలాసేపు చూశారు.

"ఇట్లాంటిది రాసేవాళ్లు నా తరవాత లేరనుకున్నా," అన్నారు. కాగితం మడిచి రెండు చేతులతో నాకిచ్చారు. ముప్పైనాలుగేళ్లు పోలీసు కొలువు చేసినాయన నాకు కాగితాన్ని రెండు చేతులతో ఇచ్చారు.

హరికి ధైర్యం వచ్చింది. "అయితే సార్, పెరిగిన లెక్క చూసి నేను సిగ్గుపడనక్కర్లేదు కదా? గర్వపడొచ్చు కదా?"

ఆయన కాయల చేట దగ్గరికి లాక్కున్నారు. దోసెడు కాదు, చేటలో ఉన్న కాయలన్నీ హరి ఒళ్లో పోశారు.

"మీ అమ్మకు ఎన్ని రోజులు పట్టింది తల్లీ?"

"ముప్పైతొమ్మిది సార్."

"నూటయాభై అడుగుల దూరానికి," అన్నారు పీరా సారు. "సొంత కూతురే కుర్చీలో కూర్చోనుంటే."